వయసుతో కండ తగ్గుతుంటే అశ్వగంధ, దానిమ్మ క్యాప్సూల్స్ ఎంతవరకు పనికొస్తాయి?

మీరు అడిగింది ఇది. నాన్నగారికి 71 ఏళ్లు, బరువు 60 కిలోలు. షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి ఒక మాత్ర వాడుతున్నారు. రెండేళ్లుగా తొడలు, భుజాలు సన్నబడుతున్నాయి. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తోంది. అమెరికాలో ఉన్న మీ చెల్లెలు దానిమ్మకు సంబంధించిన పదార్థమని యూరోలిథిన్ క్యాప్సూల్స్ పంపింది. ఊళ్లో బంధువు ఒకాయన అశ్వగంధ చూర్ణంతో పాటు ‘నరాల బలానికి’ అంటూ పేరు లేని పొడి ఒకటి ఇచ్చారు. ఇంకా ఏదీ మొదలుపెట్టలేదు. అన్నీ కలిపి వాడొచ్చా, పోయిన కండ తిరిగొస్తుందా అన్నది మీ ప్రశ్న.

వృద్ధులకు వైద్యం చేయడమే నా పని కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తూనే ఉంటుంది. ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాలు రాస్తాను. కండ తిరిగొస్తుంది. 71 ఏళ్లకే కాదు, 90 ఏళ్లకు కూడా వస్తుంది. కానీ ఏ మొక్క సారమైనా తనంత తానుగా ఆ పని చేస్తుందనడానికి మనుషుల మీద జరిగిన పరీక్షల్లో గట్టి ఆధారం ఇంకా లేదు. బరువులతో వ్యాయామం, చాలినంత ప్రోటీన్ ఉన్నచోట ఒకటి రెండు సారాలు కాస్త తోడ్పడవచ్చు. పేరు లేని ఆ పొడి మాత్రం వద్దే వద్దు.

మొక్కల మందులంటే నాకు చిన్నచూపు ఉందనుకోకండి. మీ నాన్నగారు రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ మూలం కూడా ఒక మొక్కే. యూరప్‌లో పెరిగే గలేగా అనే మొక్కలో గలెజీన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని గమనించిన శాస్త్రవేత్తలే ఆ దారిలో మెట్‌ఫార్మిన్ దాకా వచ్చారు. అయితే ఆకు నుంచి మాత్ర దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. ఎంత మోతాదు, ఎవరికి, ఎంతకాలం, ఎవరికి ఇవ్వకూడదు అన్నవన్నీ తేలాకే అది మందు అయింది. కండ విషయంలో మనం మాట్లాడుకునే సారాలు చాలావరకు ఆ దారిలో ఇంకా మొదటి మజిలీలోనే ఉన్నాయి.

సీసా మూత తీసేముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఇది నిజంగా వయసు వల్ల వచ్చిన తగ్గుదలేనా అని తేల్చుకోవాలి. వైద్యంలో దీన్ని సార్కోపీనియా అంటారు. 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే అమెరికన్ వైద్యుడు పెట్టిన పేరు అది. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో మనలాంటి శరీరాలకు సరిపడే కొలతలు ఇచ్చింది. ఇంట్లోనే చూడొచ్చు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి వరసగా ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే కాళ్ల బలం తగ్గినట్టు. మామూలుగా నడిచేటప్పుడు సెకనుకు ఒక మీటరు కన్నా తక్కువ వేగం ఉన్నా అనుమానించాలి. పిక్క చుట్టుకొలత మగవారిలో 34 సెంటీమీటర్ల కన్నా, ఆడవారిలో 33 కన్నా తక్కువ ఉండటం మరో గుర్తు. పిడికిలి బలం కొలిచే పరికరం ఫిజియోథెరపిస్టుల దగ్గర ఉంటుంది. అందులో మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల లోపు వస్తే బలహీనత ఉన్నట్టే.

కొలతలు తక్కువ వచ్చినంత మాత్రాన కారణం వయసే అనుకోవద్దు. ఆరు నెలల నుంచి ఏడాది లోపల బరువు 5 శాతం కన్నా ఎక్కువ తగ్గితే, అంటే మీ నాన్నగారి విషయంలో 3 కిలోలు దాటితే, ముందు చెకప్ చేయించాలి. అదుపులో లేని షుగరు, థైరాయిడ్, టీబీ, క్యాన్సర్, డిప్రెషన్ ఇవన్నీ ఇలాగే ‘చిక్కిపోతున్నారు’ అన్న మాటతోనే మొదలవుతాయి. షుగరు ఉన్నవారిలో ఒక తొడలో విపరీతమైన నొప్పి వచ్చి, కొన్ని వారాల్లోనే ఆ ఒక్క తొడ సన్నబడే నరాల జబ్బు వేరే ఉంది. దానికి చూర్ణాలు పనికిరావు, న్యూరాలజిస్టు చూడాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గుతుంది కాబట్టి అది కూడా చూపించండి. పళ్లు కూడా చూడండి. దవడ పళ్లు కదిలిపోయిన పెద్దాయన నమలలేక పప్పు, కూర, మాంసం అన్నీ వదిలేసి మూడు పూటలా చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు. ఇంట్లోవాళ్లు ‘బాగానే తింటున్నారు’ అనుకుంటారు. అలాంటివారికి కండ మందు కన్నా ముందు కట్టుడు పళ్లు కావాలి.

ఇక కండ ఎందుకు పోతుంది అన్నది కొంచెం తెలిస్తే, ఏ మొక్క ఎక్కడ పనిచేస్తుందని చెబుతున్నారో అర్థమవుతుంది. వయసు పెరిగేకొద్దీ వెన్నుపాము నుంచి కండరాలకు వచ్చే నరాలు కొన్ని రాలిపోతాయి. వాటి ఆధారం పోయిన కండర పోగులు చిక్కిపోతాయి. ముఖ్యంగా చటుక్కున లేవడానికి, తూలినప్పుడు ఆపుకోవడానికి పనికొచ్చే వేగవంతమైన పోగులు ముందు పోతాయి. అందుకే కండ ఎంత తగ్గిందో అంతకన్నా వేగంగా బలం తగ్గుతుంది. రెండోది, తిన్న ప్రోటీన్‌ని కండగా మార్చమనే సంకేతం మొద్దుబారుతుంది. కుర్రవాడికి చాలే మోతాదు పెద్దాయనకు చాలదు. మూడోది, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పాతబడతాయి. పాడైనవాటిని ఏరి పారేసే పని కణంలో మందగిస్తుంది. వీటికి తోడు ఒంట్లో సన్నగా రగిలే వాపు, తగ్గిన హార్మోన్లు, అన్నిటికన్నా ఎక్కువగా కదలకుండా కూర్చోవడం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్ని పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన అమెరికా పరిశోధనలో, ఒక్క కాళ్ల నుంచే సుమారు ఒక కిలో కండ పోయింది. టైఫాయిడో, తుంటి ఆపరేషనో అయ్యాక పెద్దవాళ్లు ‘మునుపటి మనిషి కాలేకపోవడం’ వెనక ఉన్నది ఇదే.

మీ చెల్లెలు పంపిన క్యాప్సూల్స్ ఆ మూడో కారణం మీద, అంటే మైటోకాండ్రియాల మీద పనిచేయడానికి ఉద్దేశించినవి. దానిమ్మలో, అక్రోటు పప్పులో, కొన్ని బెర్రీ పళ్లలో ఎల్లజిటానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి. అవి నేరుగా ఏమీ చేయవు. పేగుల్లోని కొన్ని రకాల బ్యాక్టీరియా వాటిని విడగొట్టి యూరోలిథిన్-ఎ గా మారుస్తాయి. అందరి పేగుల్లో ఆ బ్యాక్టీరియా ఉండదు. దానిమ్మ రసం తాగించి పరీక్షిస్తే పదిమందిలో సుమారు నలుగురిలోనే అది చెప్పుకోదగ్గ మోతాదులో తయారైంది. అందుకే తయారైన యూరోలిథిన్‌నే నేరుగా క్యాప్సూల్‌లో పెట్టి ఇస్తున్నారు. 2016లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్ శాస్త్రవేత్తలు, ఇది పాడైన మైటోకాండ్రియాలను తొలగించే పనిని చురుకు చేస్తుందని పురుగుల్లో, ఎలుకల్లో చూపించారు. ముసలి ఎలుకలు ఎక్కువసేపు పరుగెత్తాయి. ఆ పని చాలా అందమైనది, నేను శ్రద్ధగా చదివాను.

మనుషుల్లో ఏమైంది? 2022లో రెండు పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఒకటి 40 నుంచి 64 ఏళ్ల వయసున్న, బరువు ఎక్కువగా ఉండి వ్యాయామం లేనివారిలో. నాలుగు నెలలు వాడాక తొడ వెనక కండరాల బలం సుమారు 12 శాతం దాకా పెరిగింది. కానీ ఆ పరీక్ష ప్రధానంగా కొలవాలనుకున్న కొలతలో, అంటే సైకిల్ తొక్కేటప్పటి గరిష్ఠ శక్తిలో, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ వీరికీ స్పష్టమైన తేడా రాలేదు. రెండోది మీ నాన్నగారి వయసువారిలో, 65 నుంచి 90 ఏళ్ల మధ్య 66 మందిలో జరిగింది. రోజుకు 1000 మిల్లీగ్రాములు, నాలుగు నెలలు. ఆరు నిమిషాల్లో నడిచే దూరం క్యాప్సూల్ వేసుకున్నవారిలో సగటున 60 మీటర్లు పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలోనూ 42 మీటర్లు పెరిగింది! గణాంకాల లెక్కలో ఆ రెండింటికీ తేడా నిలబడలేదు. చేతి, కాలి కండరాలు అలసిపోకుండా ఎన్నిసార్లు పనిచేయగలవు అన్న కొలతలో మాత్రం కొంత మెరుగు కనిపించింది. పెద్దగా హాని కనిపించలేదు.

దీన్నిబట్టి నా అంచనా చెబుతాను. మొక్కలకు సంబంధించిన పదార్థాల్లో వృద్ధుల కండ విషయంలో పద్ధతిగా పరీక్షకు నిలబడినవాటిలో ఇది ముందువరసలో ఉంది. అయినా ఇప్పటికి దొరికింది ఓర్పులో కొద్దిపాటి మెరుగే. కండ పరిమాణం పెరిగిందని కాదు. నెలనెలా దాని మీద పెట్టే డబ్బుతో ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకు గుడ్లు, పాలు, పప్పులు దండిగా వస్తాయి. దానిమ్మ పండు తింటే ఇదే లాభం వస్తుందా అని కూడా చాలామంది అడుగుతారు. పండు మంచిదే, తినండి. కండ కోసమని గ్లాసులకు గ్లాసులు రసం తాగితే మాత్రం షుగరు పెరుగుతుంది, యూరోలిథిన్ తయారవుతుందన్న హామీ కూడా లేదు.

ఇలాంటిదే ఇంకో కథ ఆపిల్ తొక్కది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ ఆడమ్స్ బృందం 2011లో ఉర్సోలిక్ ఆమ్లం అనే పదార్థం ఎలుకల కండను పెంచుతుందని చూపించింది. అది ఆపిల్ తొక్కలోనూ, మన తులసి ఆకులోనూ ఉంటుంది. తర్వాత పచ్చి టమాటాల్లో దొరికే టొమాటిడిన్‌కు కూడా అలాంటి గుణమే ఉందని కనుక్కున్నారు. ముసలి ఎలుకలకు రెండు నెలలు పెట్టినప్పుడు కండ 10 శాతం, బలం 30 శాతం పెరిగాయి. కండ కరిగించే ఏటీఎఫ్4 అనే ప్రోటీన్‌కి ఇవి అడ్డుపడతాయని తేల్చారు. వినడానికి చాలా ఆశగా ఉంటుంది. కానీ ఉర్సోలిక్ ఆమ్లం నీటిలో కరగదు, పేగుల నుంచి రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది. మనుషుల్లో జరిగినవి కొద్దిమందితో చేసిన చిన్న పరీక్షలు, వాటి ఫలితాలు కూడా ఒకదానితో ఒకటి పొసగవు. తులసి ఆకులు నమిలితే కండ వస్తుందని ఎవరైనా చెబితే, ఆ మాటకూ ఈ పరిశోధనకూ మధ్య చాలా దూరం ఉందని గుర్తుపెట్టుకోండి.

ఈ దూరం గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ‘ఫలానా మొక్క కండ క్షీణతను ఆపుతుంది’ అని వార్త వచ్చిన ప్రతిసారీ ఇది పనికొస్తుంది. అలాంటి వార్తల్లో చాలావాటి వెనక ఉండేది గాజు పాత్రలో పెంచిన ఎలుక కండర కణాలు. వాటి మీద మొక్క సారాన్ని నేరుగా పోస్తారు. ఆ గాఢత మనం గుప్పెడు మాత్రలు మింగినా రక్తంలో రాదు. పైగా మింగినదాన్ని పేగులు, కాలేయం మార్చేస్తాయి, కండరం దాకా చేరేది వేరే రూపం. ఎలుకకిచ్చిన మోతాదును కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని మనిషికి అలాగే హెచ్చించడం కూడా తప్పు. మందుల శాస్త్రంలో వాడే లెక్క ప్రకారం చిట్టెలుకకిచ్చిన మోతాదునైతే సుమారు 12తో భాగించాలి. వార్త చదివినప్పుడు మూడు విషయాలు వెతకండి: మనుషుల్లో చేశారా, 65 దాటినవారిలో చేశారా, కొలిచింది రక్తపరీక్షా లేక లేవడం, నడవడమా. ఈ మూడూ దాటేవి చాలా కొద్ది.

అశ్వగంధకు వద్దాం. మన పల్లెల్లో పెన్నేరుగడ్డ అంటారు. మొక్కల మందుల్లో మన దేశంలో ఎక్కువ పరీక్షలు జరిగినవాటిలో ఇది ఒకటి. 2015లో వచ్చిన ఒక భారతీయ పరీక్షను అందరూ చూపిస్తారు. 57 మంది మగవారు, 18 నుంచి 50 ఏళ్లవాళ్లు, ఎనిమిది వారాలు బరువులెత్తారు. రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల వేరు సారం తీసుకున్నవారు పడుకుని ఎత్తే బరువు 46 కిలోలు పెరిగితే, తీసుకోనివారిలో 26 కిలోలు పెరిగింది. మంచి ఫలితమే. అయితే గమనించండి: వాళ్లు కుర్రవాళ్లు, నడివయసువాళ్లు. అందరూ జిమ్‌లో కష్టపడ్డారు. సారం తీసుకోనివారికి కూడా బలం పెరిగింది. 65 నుంచి 80 ఏళ్లవారిలో జరిగిన మరో చిన్న పరీక్షలో నిద్ర, రోజువారీ ఉత్సాహం మెరుగయ్యాయి. అది కూడా తక్కువ విషయం కాదు. నిద్రపట్టని పెద్దాయనకు నిద్రపడితే మర్నాడు నడవాలనిపిస్తుంది. కానీ దాన్ని ‘కండ పెరిగింది’ అని చెప్పలేం.

అశ్వగంధ అందరికీ సరిపడేదీ కాదు. ఇది థైరాయిడ్ హార్మోన్‌ని పెంచగలదు, కాబట్టి థైరాయిడ్ మాత్రలు వాడేవారు అడక్కుండా వాడకూడదు. షుగరు, బీపీ కొంచెం తగ్గిస్తుంది. మీ నాన్నగారు రెండింటికీ మందులు వాడుతున్నారు కాబట్టి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదాన్ని లెక్కలో పెట్టుకోవాలి. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది. అరుదుగానే అయినా కాలేయం దెబ్బతిన్న కేసులు ఐస్‌లాండ్, అమెరికా, మన దేశం నుంచి కూడా నమోదయ్యాయి. సాధారణంగా వాడటం మొదలుపెట్టిన కొన్ని వారాల్లో దురద, పచ్చకామెర్లుగా బయటపడతాయి. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. ఆ నిర్ణయం మీద మన నిపుణుల అభ్యంతరాలు ఉన్నాయి, నాకూ అది అతిగానే అనిపిస్తుంది. కానీ వేరుకూ ఆకుకూ ఉన్న తేడా మాత్రం నిజమైన సమస్య. సంప్రదాయంగా వాడేది వేరు. ఆకులో విథాఫెరిన్-ఎ లాంటి ఘాటైన పదార్థాలు ఎక్కువ. ఆకు చవక కాబట్టి కొందరు సారంలో కలుపుతారు. 2021లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆకును వాడొద్దని తయారీదారులకు సూచించాల్సి వచ్చింది. డబ్బా మీద ‘వేరు మాత్రమే’ అని, బ్యాచ్ నంబరు, లైసెన్స్ నంబరు ఉన్నదే తీసుకోవాలి. కాగితం పొట్లంలో వచ్చిన చూర్ణంలో ఏముందో ఎవరూ చెప్పలేరు.

మిగతావి త్వరగా ముగిస్తాను. పల్లేరు కాయల సారం కండ పెంచుతుందని జిమ్‌ల దగ్గర అమ్ముతారు. ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాళ్లలో పరీక్షిస్తే ఏ తేడా లేదు. పసుపులోని కుర్‌క్యుమిన్ రక్తంలోకి సరిగా వెళ్లదని మిరియాల నుంచి తీసిన పిపెరిన్ కలుపుతారు. దానితో రక్తంలో 20 రెట్లు ఎక్కువగా చేరుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లోనే చూపించారు. చిక్కేమిటంటే పిపెరిన్ వేరే మందుల మోతాదును కూడా రక్తంలో పెంచుతుంది, అలాంటి మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటీవల పెరిగాయి. కూరలో వేసే పసుపుకు, మిరియాల చారుకు ఈ భయం అక్కర్లేదు. గ్రీన్ టీ విషయంలో జపాన్‌లో మంచి పరీక్ష జరిగింది. కండ తగ్గిన 75 ఏళ్లు దాటిన మహిళల్లో వ్యాయామంతో పాటు టీలో ఉండే కటెచిన్లు అనే పదార్థాలు ఇచ్చినవారికి కాలి కండ, నడక వేగం మెరుగయ్యాయి. టీ తాగడం వరకు సరే. సాంద్రీకరించిన మాత్రల్లో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్యమైన కటెచిన్) తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. కోపెన్‌హాగన్‌లో 65 ఏళ్ల ప్రాయంలోని మగవారికి ఎనిమిది వారాలు గట్టి వ్యాయామం చేయిస్తూ, సగం మందికి రోజుకు 250 మిల్లీగ్రాములు ఇచ్చారు. వ్యాయామం వల్ల గుండెకు, ఊపిరికి రావాల్సిన లాభం రెస్వెరట్రాల్ తీసుకున్నవారిలో తగ్గింది! వ్యాయామం చేసినప్పుడు కణంలో పుట్టే ఆ కొద్దిపాటి ఒత్తిడే కండరానికి ‘బలపడు’ అని చెప్పే సంకేతం. దాన్ని రెస్వెరట్రాల్ లాంటి యాంటీఆక్సిడెంట్‌తో అణచేస్తే సంకేతమే పోతుందని ఒక వివరణ. మంచిదే కదా అని నాలుగు రకాలు కలిపి వేసుకోవడం ఎందుకు సరికాదో దీంతో తెలుస్తుంది.

ఇప్పుడు పేరు లేని ఆ పొడి. ఈ భాగం దయచేసి మీ బంధువుకు కూడా చదివి వినిపించండి. నొప్పులకు, నరాలకు, బలానికి అంటూ ఊరూరా తిరిగి అమ్మే పొడుల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపిన సందర్భాలు మన దేశంలో ఎన్నో పట్టుబడ్డాయి. వేసుకున్న నాలుగు రోజులకే నొప్పులు మాయం, ఆకలి పెరుగుతుంది, ముఖం నిండుగా అవుతుంది. ‘పొడి పనిచేసింది, నాన్న తేరుకున్నారు’ అని ఇంట్లో అందరికీ సంబరం. లోపల జరిగేది పూర్తిగా వేరు. స్టెరాయిడ్ ముందుగా కరిగించేది తొడల కండనే, తుంటి చుట్టూ ఉన్న కండనే. ఏ బాధకని మొదలుపెట్టారో ఆ బాధనే పెంచుతుంది. పైగా షుగరు అదుపు తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి, బీపీ పెరుగుతుంది. ముఖం ఉబ్బి, పొట్ట వచ్చి, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్న పెద్దవాళ్లను చూసినప్పుడు మేం మొదట అడిగే ప్రశ్న ‘ఏమైనా పొడి వాడుతున్నారా’ అనే.

మీ నాన్నగారు ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి పారేస్తే సరిపోతుంది. కానీ ఇది చదివేవారిలో ఎవరింట్లోనైనా అలాంటి పొడి నెలల తరబడి వాడుతుంటే, ఒక్కసారిగా ఆపకండి. స్టెరాయిడ్‌కి అలవాటుపడ్డ శరీరం సొంత హార్మోన్ తయారుచేయడం మానేసి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పొడిని వెంట తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉదయం పూట ఆ హార్మోన్, అంటే కార్టిసోల్, పరీక్ష చేసి, అవసరమైతే మెల్లగా తగ్గిస్తారు. భస్మాలు కలిసిన మందుల్లో సీసం, పాదరసం సంగతి కూడా తెలుసుకోవాలి. 2008లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్ముతున్న ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. సీసం నరాలను దెబ్బతీసి కండను ఇంకా చిక్కిస్తుంది.

మరి ఏది పనిచేస్తుంది? 1990లో మరియా ఫియటరోన్ అనే వైద్యురాలు బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో అదే బృందం వందమంది వృద్ధులతో ఇంకా పకడ్బందీ పరీక్ష చేసింది. కొందరికి వ్యాయామం, కొందరికి పోషకాహార పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. వ్యాయామం చేసినవారి బలం రెట్టింపు దాటింది, నడక వేగం, మెట్లెక్కే శక్తి పెరిగాయి. పానీయం ఒక్కటే తాగినవారి బలంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. నా వృత్తిలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మే ఫలితం ఇదే. పప్పు ఉడికించకుండా తిరగమోత ఎంత కమ్మగా పెట్టినా ఏం లాభం? మొక్కల సారాలు ఆ తిరగమోత లాంటివి.

వ్యాయామం అంటే వాకింగ్ అనుకుంటారు చాలామంది. నడక గుండెకు, షుగరుకు మంచిది, మానకండి. కానీ కండకు అది చాలదు, బరువు కావాలి. నాన్నగారితో కుర్చీతో మొదలుపెట్టించండి. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి, మొదట చేతులు ఆనించి, తర్వాత ఆనించకుండా, 8 నుంచి 12 సార్లు లేచి కూర్చోవాలి. కాస్త ఆగి ఇంకో వరస, ఓపిక ఉంటే మూడోది. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, గోడకు చేతులు ఆనించి తోయడం, చీలమండకు ఇసుక సంచి కట్టి కూర్చునే కాలు చాపడం, బియ్యం పోసిన సంచి ఎత్తడం. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. అలవాటై సులువైపోగానే బరువు పెంచాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అదే బరువుతో ఏడాది గడిపి ‘లాభం లేదు’ అంటారు. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ పెరుగుతుంది. షుగరు ఉంది కాబట్టి బరువులు పెంచేముందు కంటి రెటీనా పరీక్ష చేయించండి. రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే బరువులెత్తడం ప్రమాదం. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు గుండె పరీక్ష తర్వాతే మొదలుపెట్టాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర మొదటి కొన్ని వారాలు నేర్చుకుంటే ఇంకా మంచిది.

ప్రోటీన్ సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలందరికీ చెప్పే లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు. 65 దాటినవారికి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని వృద్ధుల పోషణ మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణులు 2013 నుంచి చెబుతున్నారు. మీ నాన్నగారికి అది 60 నుంచి 72 గ్రాములు. మన భోజనంలో సమస్య ఏమిటంటే పొద్దున ఇడ్లీ, రాత్రి మజ్జిగన్నం, ఉన్న పప్పు కాస్తా మధ్యాహ్నానికే. వృద్ధుల కండరం మేలుకోవాలంటే ఒక్కో పూటకు 25 గ్రాముల దాకా పడాలి. పొద్దున రెండు పెసరట్లు, ఒక గుడ్డు అయితే సుమారు 20 వస్తాయి. మధ్యాహ్నం ముద్దపప్పు లేదా చేప, గడ్డ పెరుగు. రాత్రి గుడ్లో, పనీరో, మీల్‌మేకర్ కూరో. సాయంత్రం గుప్పెడు ఉడికించిన వేరుశనగలు. 30 గ్రాముల మీల్‌మేకర్‌లోనే 15 గ్రాముల ప్రోటీన్ ఉంది, అంత చవకైనది ఇంకోటి లేదు. ఇలా పెంచేముందు కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఈ లెక్క మారుతుంది.

మెట్‌ఫార్మిన్ గురించి ఎక్కడైనా చదివి టెన్షన్ పడతారని ముందే చెబుతున్నాను. 65 దాటిన, షుగరు లేని ఆరోగ్యవంతుల్లో 14 వారాలు బరువుల వ్యాయామం చేయించిన పరీక్షలో, మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారికి కండ కొంచెం తక్కువగా పెరిగింది. అది షుగరు లేనివారి సంగతి. షుగరు ఉన్నవారిలో అదుపు తప్పిన షుగరే కండకు పెద్ద శత్రువు. సొంతంగా మాత్ర ఆపకండి.

ఇక ఇంట్లో ఉన్న సీసాల విషయం. అశ్వగంధ చూర్ణం పొట్లంలో వచ్చింది కాబట్టి దాన్నీ వదిలేయండి. ముందు రెండు నెలలు వ్యాయామం, తిండి మాత్రమే నడవనివ్వండి. మొదలుపెట్టిన రోజున ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టిన సెకన్లు, పిక్క కొలత, బరువు ఒక నోటుబుక్కులో రాయండి. రెండు వారాలకోసారి మళ్లీ రాయండి. బీపీ, షుగరు డాక్టరుకు చెప్పాక యూరోలిథిన్ క్యాప్సూల్స్ వాడాలనుకుంటే మూడో నెలలో ఆ ఒక్కటే మొదలుపెట్టండి, దానితో ఇంకేదీ కలపకండి. అప్పుడే ఏది పనిచేసిందో నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది. మొదలుపెట్టేముందు, ఆరు వారాల తర్వాత కాలేయ పరీక్ష చేయించండి. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, దురద, ఆకలి చచ్చిపోవడం కనిపించినా వెంటనే ఆపాలి. ఏదైనా ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే మానేసి, వాడిన సంగతి మత్తు డాక్టరుకు చెప్పాలి. నాలుగు నెలలు వాడినా సెకన్ల లెక్క అంతకుముందు తగ్గిన వేగంతోనే తగ్గుతుంటే, ఆ సీసా మళ్లీ తెప్పించాల్సిన పని లేదని మీ చెల్లెలికి చెప్పేయండి.